కడుక్కోకుండా రండి

ఇంట్లో ఆమె రోజూ వినే మాట "కడుక్కుని రా." ఆస్పత్రి ల్యాబులో ఆమె రోజూ చెప్పే మాట "కడుక్కోకుండా రండి." ఈ రెండు మాటల మధ్య బస్సులో నలభై నిమిషాల దూరం. పదకొండేళ్ల ఉద్యోగంలో రెండేళ్లుగా ఆ దూరాన్ని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దాటుతున్నా, ఒక మాట ఇంకో మాటకు అడ్డంగా నిలబడి ఉందని ఆమెకు తట్టనే లేదు. తట్టడానికి తీరికేదీ? అయిదింటికి లేచి ముగ్గురికి వండి, రెండు డబ్బాలు సర్ది, బట్టలు ఆరేసి పరుగెత్తే మనిషికి, బస్సులో సీటు దొరికిన రోజునే ఆలోచన కూడా దొరుకుతుంది.

ఆడవాళ్ల లోపలి నుంచి, పుల్లకు చుట్టిన దూదితో నమూనా తీసి, అందులో ఏ క్రిములున్నాయో పెంచి చూడటం ఆమె పని. అత్తగారు దాన్ని "ఆ పుల్లల పని" అంటుంది. భర్త అదీ అనడు. కళ్లద్దాల షాపులో ఊరందరి చూపూ సరిచేసే ఆ మనిషి, భార్య ఉద్యోగం సంగతి వచ్చేసరికి "ల్యాబులో ఉంటుంది" అని, ఏం ల్యాబు అని ఎదుటివాళ్లు అడిగేలోగా వర్షాల గురించి ఎత్తుకుంటాడు.

వాళ్లేమన్నా ఆమెకు ఆ పని అంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన వారంలోనే, మిగిలిన కూర దాచినంత భద్రంగా మూడు నమూనాల గొట్టాలను ఫ్రిజ్‌లో పెట్టేసింది. ల్యాబు మేడమ్ తలుపు తీసి చూసి తల పట్టుకుంది. "ఇవి వంకాయలు కాదు తల్లీ. ఒంటి వెచ్చదనానికి అలవాటు పడ్డ ప్రాణాలు. చలేస్తే చచ్చిపోతాయి" అంది. లోకమంతా హడలిపోయే సుఖరోగాన్ని మోసుకొచ్చే క్రిమి కాస్త చలిగాలికే కన్నుమూస్తుందా అని ఆ రోజు ఆమె నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు ఇప్పటికీ మూతపడలేదనే చెప్పాలి. క్రిములకు మేత పోసిన ప్లేట్లను గాజు జాడీలో పేర్చి, పైన కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తుంది. కాసేపటికి దీపం దానంతటదే కొండెక్కుతుంది. దీపానికి చాలని ఆ గాలే కొన్ని క్రిములకు ఇష్టం. జాడీని వెచ్చని పెట్టెలో ఉంచి మర్నాడు మూత తీస్తే, నిన్న ఏమీ లేని చోట పొడిపొడిగా చుక్కలు. కంటికి కనపడనిది తన ఉనికిని తనే రాసుకున్నట్టు ఉంటుంది. ఎన్ని వేల మూతలు తీసినా, తీసే క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టుకుంటుంది.

రెండేళ్ల కిందట ఒకరోజు పక్కమీద భర్త మొహం గోడవైపు తిప్పుకుని, "నీ దగ్గర ఆస్పత్రి వాసనొస్తోంది. ఆ రోగాలన్నీ ఇంటికి మోసుకొస్తున్నట్టున్నావు. కడుక్కుని రా" అన్నాడు. మర్నాడు స్నానాల గదిలో లోషన్ సీసా వెలిసింది. "రెండు మూతలు పోసుకుని లోపలిదాకా కడుక్కో అమ్మాయ్. మగవాడు అన్నాడంటే ఊరికే అంటాడా" అంది అత్తగారు, గట్టిగా కూడా కాదు, చారులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. అప్పటినుంచి రోజుకు రెండుసార్లు, పాలలా తెల్లబడిన ఆ నీళ్లతో ఆమె తనను తాను తోముకుంటూనే ఉంది. మంట పుట్టేది. మంట పుడితే మురికి వదులుతోందనుకునేది. మంట ఎంతకీ తగ్గకపోయేసరికి భయం పట్టుకుంది. రోజూ ప్లేట్లమీద తను గుర్తుపట్టే జబ్బుల్లో ఒకటి నిజంగానే తనలో చేరిందేమో. అంతమంది ఆడవాళ్ల నమూనాలు చూసిన మనిషికి తన నమూనా చూసుకునే ధైర్యం మాత్రం చాల్లేదు.

ఆ భయాన్ని కదిలించింది బట్టలు కుట్టే ఒకావిడ. పరీక్ష బల్లమీద పడుకుని, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "క్షమించమ్మా. నిన్నటినుంచి లోపల కడగలేదు. నువ్వే వద్దన్నావు కదా. నీకు అసహ్యంగా ఉంటుందేమో" అంది.

ఆమె, లోపల తెరిచి చూసే లోహపు పరికరాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచుతోంది. జెల్లీ రాయకూడదు, రాస్తే క్రిములు చచ్చి పరీక్ష పాడవుతుంది. చల్లగా పెడితే మనిషి బిగుసుకుపోతుంది. అందుకే ఆ గోరువెచ్చని నీళ్లు.

"అసహ్యం ఎందుకండీ. మీ ఒంట్లో ఉన్నది ఉన్నట్టు చూడాలనే కదా రమ్మన్నాను" అంది.

అనేసి, తన మాట తనే విని ఆగిపోయింది. ఉన్నది ఉన్నట్టు చూస్తానని తనతో ఎవరన్నారు? తనైనా తనతో అనుకుందా?

ఆ సాయంత్రం స్నానాల గదిలోకి వెళ్లి, రెండు మూతల లోషన్ చెంబులో కలిపి, మొత్తం తూములో పోసేసింది. వాసన తలుపు దాటి అత్తగారి ముక్కును చేరింది. "కడుక్కున్నావా?" అని బయటినుంచి ప్రశ్న. "ఆఁ" అని జవాబు. పొద్దున కూడా తూమే స్నానం చేసింది. ల్యాబుకు వెళ్లగానే తన నమూనా తనే తీసుకుంది. ఒక పుల్లను గాజుపలకమీద రాసింది, ఇంకోదాన్ని ప్లేట్లమీద గీసింది. పలకకు రంగులు వేసి, పేరు రాయకుండా అంకె మాత్రం రాసి మేడమ్ ముందు పెట్టింది.

మేడమ్ సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. "ఈవిడెవరో గాని, చెత్త ఊడుస్తూ ఊడుస్తూ గోడలు కూడా ఊడ్చిపారేసింది" అంది.

"జబ్బుందాండీ?"

"దొంగలెవరూ లేరు. కాపలావాళ్లూ లేరు. లోపల కాపలాకు ఉండాల్సిన మంచి క్రిములు ఒక్కటీ మిగల్లేదు. ఏదో ఘాటు మందుతో కడుగుతోంది. ఆ కడగడమే ఈవిడ జబ్బు. ఆపేయమను. అక్కడ దానంతటదే శుభ్రం చేసుకుంటుంది, ఎవరి సాయమూ అడగదు. నెల్లాళ్లాగి మళ్లీ చూద్దాం." మేడమ్ తలెత్తి ఆమెవైపు చూసింది. "నువ్వు చెబితే వింటుందా ఆవిడ?"

"వింటుందండి."

రెండు రోజులు చూసినా ప్లేట్లమీద ఏమీ మొలవలేదు. ఆ నున్నటి ఖాళీని చూస్తుంటే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. రెండేళ్లు తను తోమింది మురికిని కాదు, తనకు కాపలా ఉన్నవాళ్లని.

లోషన్ మానేసిన పది రోజులకు మంట పోయింది. తూములో పోసి అత్తగారిని నమ్మించడం కూడా మానేసింది. సీసా అలాగే కూర్చుంది. మూడో వారంలో భర్త, అద్దం ముందు తల దువ్వుకుంటూ, "ఈమధ్య ఆ వాసన రావట్లేదు, చూశావా. లోషన్ బాగా పనిచేస్తోంది" అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

నెల తిరిగాక రెండో నమూనా. ఈసారి ముందు తనే చూసుకుంది. గులాబిరంగు కణాల చుట్టూ ముదురు ఊదారంగులో సన్నటి కడ్డీలు, ఒకటీ రెండూ కాదు, ఆ చివర నుంచి ఈ చివరదాకా బారులు తీరి ఉన్నాయి. ఆ కాపలావాళ్లు ఎక్కడ దాక్కున్నారు ఇన్నాళ్లూ? ఎవరు కబురు పెట్టారు? తగలబెట్టిన ఇంటికి, ఒక్క మాట అనకుండా, ఎవరి పనిలోకి వాళ్లు తిరిగొచ్చేశారు. తన ఒళ్లు తనమీద అలగలేదు. ఆమె కంటినీటికి అద్దం మసకబారింది. తుడిచి మళ్లీ చూసింది, మళ్లీ మసకబారింది. ఇంత పెద్ద లోకాన్ని మోస్తూ తను రోజూ బస్సులో నిలబడి వెళ్తోందని ఆమెకు ఒళ్లు ఝల్లుమంది.

ఆ సాయంత్రం అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ, "సీసా మూడు వారాలుగా తగ్గడం లేదేం?" అంది.

అబద్ధమాడే ఓపిక ఆమెకు లేకపోయింది. తూము, ఖాళీ పలక, కాపలావాళ్లు, వాళ్ల తిరుగురాక, అంతా చెప్పేసింది. తిట్లకు సిద్ధపడే చెప్పింది.

అత్తగారు ఒకే తువ్వాలును మూడుసార్లు మడిచింది. "మీ మావయ్య కూడా నన్ను కడుక్కుని రా అనే అన్నారు. పెళ్లయిన మూడో ఏడు. అప్పుడీ లోషన్లెక్కడివి, సబ్బునీళ్లే. ఆయన పోయి ఆరేళ్లయింది. నేనింకా మానలేదు."

"మంటగా ఉంటుందా అత్తయ్యా?"

"మంట లేకుండా ఎలా ఉంటుందో మర్చిపోయానమ్మాయ్."

బయట వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. ఆ సీసా తెచ్చిపెట్టిన అత్తగారిమీద ఇన్నాళ్లూ దాచుకున్న కోపం ఆమెకు వెతికితే దొరకలేదు.

అత్తగారు లేచి, ఏ సాయంత్రమైనా లేచినట్టే లేచి, చెంబు అందుకుని స్నానాల గది గుమ్మందాకా వెళ్లి నిలబడింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ పుల్ల... నొప్పి పుడుతుందా?"

"పుట్టదు. లోపల పెట్టే పరికరాన్ని కూడా గోరువెచ్చని నీళ్లలో ముంచి పెడతాను." ఆమె దగ్గరికి వెళ్లి, అత్తగారి చేతిలోని చెంబును మెల్లిగా తీసుకుంది. "రేపు నాతో బస్సులో రండి అత్తయ్యా. కడుక్కోకుండా రండి."