వేదాచలం నలభై మూడో కేసు

నాలుగు నెలలకోసారి, నెలాఖరు శుక్రవారం పొద్దున పదిన్నరకి గూడూరు బస్సు కొత్త పుస్తకాలతో కాలవ వంతెన దగ్గర ఆగేది. కండక్టరు ముందు పుస్తకాల మూట దించి, ఆ తర్వాతే మనుషుల్ని దిగనిచ్చేవాడు. మూట కోసం అప్పటికే ఊరు సగం అక్కడ నిలబడి ఉండేది. డిటెక్టివ్ వేదాచలం కొత్త కేసు వచ్చిన రోజు ఉప్పుమళ్లలో పని జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

లోకంలో అందరూ డిటెక్టివ్ నవలని మొదటి పేజీ నుంచి చదువుతారు. ఈ ఊళ్లో చివరి పేజీ నుంచి చదివేవాళ్లు. పోయిన వస్తువు ఎక్కడ దొరికిందో చివర్లోనే ఉంటుంది మరి. పుస్తకంలో వేదాచలం దాన్ని ఎక్కడ పట్టుకుంటే ఊళ్లోనూ అది అక్కడే ఉండేది. ఉప్పు ఆఫీసు గుమాస్తా వెండి మొలతాడు అత్తగారి ఊరగాయ జాడీలో దొరికింది అలాగే. దొరవారిసత్రం నుంచి ఒక రైతు వచ్చి, తప్పిపోయిన ఎద్దు కోసం, నవల అచ్చయ్యేదాకా వంతెన దగ్గరే కాపరం పెట్టాడు. పుస్తకం వచ్చింది, రైతు నూట పన్నెండో పేజీలో చెప్పిన చోటికి పోయాడు, ఎద్దుని తోలుకుని ఇంటికి పోయాడు. బస్సు పదిన్నరకి రావడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలు. బస్సయినా ఒక్కోసారి ఆలస్యమయ్యేది.

ఆ నవలలు రాసేది పద్మనాభయ్య అయ్యవారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక వేదాచలాన్ని పట్టుకున్నారు. వేదాచలం మద్రాసు మనిషి. నశ్యం పీలుస్తాడు, ఎంత ఎండలోనైనా బూట్లు విప్పడు, దొంగని కూడా ‘మీరు’ అంటాడు. అయ్యవారికి చేతులు వణకడం మొదలయ్యాక, ఆయన చెబుతుంటే పక్కింటి షాజాదీ బేగం రాసిపెట్టేది. ఆయన దగ్గరే ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఇటు మొగుడు అల్లాబక్షు కుట్టుమిషను తొక్కుతుంటే అటు ఆమె కలం నడిపేది. అలా పదకొండేళ్లు గడిచాయి.

అయ్యవారికి ఒక నియమం ఉండేది. వస్తువుల్ని వెతికేవారు, గొడ్డూగోదా వెతికేవారు, మనుషుల్ని మాత్రం వెతికేవారు కాదు. ఎందుకని షాజాదీ ఒకసారి అడిగింది.

“వస్తువు దొరికితే తీసుకొని పోతారు. మనిషి అయితే ఎట్టా దొరికినాడో కూడా మనమే చెప్పాలమ్మా. అంత ధైర్యం నాకు లేదు,” అన్నారాయన.

1961 ఎండాకాలంలో నలభై ఒకటో నవల అచ్చులో ఉండగా అయ్యవారు పోయారు. పెద్దకర్మ భోజనాలయ్యాక గూడూరు ప్రెస్సు యజమాని జయరామయ్య చెయ్యి తుడుచుకుంటూ షాజాదీ ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అయ్యవారు పొయ్యినారు. వేదాచలం పోలేదు గదమ్మా,” అన్నాడు. “అట్టమీద ఆయన పేరే ఉంటది. లోపల నువ్వు రాయి.”

“నేనా? నాకేం తెలుసు అయ్యగారూ?”

“పదకొండేండ్లు ఆయన మాటంతా నీ చేతిమీదనే గదా పొయ్యింది. చెయ్యి మరిచిపోద్దా?”

చెయ్యి మరిచిపోలేదు గాని గుండె ఒప్పుకోలేదు. పదిరోజులు కాగితం ముందు కూర్చుని లేచిపోయింది. ఆయన వాక్యం ఎక్కడ విరుగుతుందో ఆమెకి తెలుసు, వేదాచలం నశ్యం ఏ చేత్తో తీస్తాడో తెలుసు. కానీ తను పిలిస్తే వస్తాడా? చివరికి మునసబుగారి గొడుగు పోయిన కేసుతో మొదలుపెట్టింది. చావిట్లో అటకమీద దొరికిందని మర్యాదగా ముగిద్దామనుకుంది. కలం మాత్రం ఊరి బయట నాటుసారా కాచే దిబ్బ దారి పట్టింది. నవల వచ్చింది, గొడుగు దిబ్బమీదే దొరికింది. మద్యనిషేధం మీద ఉపన్యాసాలిచ్చే మునసబుగారు పదిహేను రోజులు ఇల్లు కదల్లేదు. ఊరు మాత్రం హమ్మయ్య అనుకుంది. వేదాచలం ఉన్నాడు. షాజాదీకి ఆ రోజంతా ఒళ్లు గగుర్పొడుస్తూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి పోలేరమ్మ వచ్చింది.

సముద్రం ఒడ్డున పాళెంలో ఉంటుంది పోలేరమ్మ. చేపలవాళ్ల పిల్ల, ఇరవై అయిదేళ్లుంటాయేమో. దర్గా మొక్కుకి పుట్టిన ఆమె మొగుడు హజరత్తయ్య నాలుగేళ్ల కిందట తెల్లవారుజామున వేటకని పోయాడు, ఆ మధ్యాహ్నం గాలి లేచింది. తెప్పా రాలేదు, మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

“అక్కా, వేదాచలం గారికి చెప్పి మా ఆయన్ని వెతికించు,” అంది గడప దగ్గర కూలబడి.

“మనుషుల్ని వెతికేది లేదు మే. అయ్యవారు వొద్దన్నారు.”

“మా అత్త బొట్టు తీసెయ్యమంటది. మా అమ్మ తీస్తే చంపుతానంటది. పొద్దున పెట్టుకుంటా, మాపటికి తుడుచుకుంటా. నాలుగేండ్లక్కా! ఉంటే ఉన్నాడని చెప్పు, పోతే పొయ్యినాడని చెప్పు. ఏదో ఒకటి తెలవకపోతే నేను బతకలేను, చావలేను.”

షాజాదీ ఆమె నుదుటి వంక చూసింది. రోజూ రుద్ది రుద్ది అక్కడ చర్మం కమిలిపోయి ఉంది. అయ్యవారి నియమం అయ్యవారితోనే పోయిందనుకుని, సరే అంది.

అయితే ఆమెది మెత్తని మనసు. హజరత్తయ్యని బతికించాలని ముందే నిర్ణయించుకుంది. గాలికి కొట్టుకుపోయి రంగూన్‌లో తేలాడనీ, అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తున్నాడనీ, వేదాచలం ఓడెక్కి పోయి తీసుకొచ్చాడనీ రాసింది. రాసిన కాగితం ఎండలో ఆరబెట్టి వచ్చేసరికి తెల్లగా ఉంది. మళ్లీ రాసింది, మళ్లీ తెల్లబడింది. మూడోసారి సిరాబుడ్డి మార్చి రాసింది. అక్షరం ఒక్కటి నిలవలేదు. ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆమెకి భయం వేసింది, ఆ భయం వెనకే చెప్పలేనంత గౌరవమూ కలిగింది. ఇంతకాలం అయ్యవారు కథ కడుతున్నారనుకుంది. ఆయన కట్టలేదు. వేదాచలం వెనక నడిచారు, అంతే.

ఆమె కొత్త కాగితం తీసి, పోలేరమ్మ గుమ్మం ముందు తెల్లవారుజామున వేదాచలం నిలబడ్డాడని ఒక్క వాక్యం రాసి ఆగింది. కాగితం మీద ఆయన నేలవంక చూశాడు. నశ్యం పీల్చాడు. తర్వాత సముద్రానికి వీపు పెట్టి, పడమటికి, ఊరివైపు నడిచాడు. సముద్రంలో పోయిన మనిషి కోసం ఊరివైపు నడవడమేమిటో షాజాదీకి అర్థం కాలేదు. అయినా వెనకే రాసుకుంటూ పోయింది. ఆ సిరా చెదరలేదు.

వారం తర్వాత రాతప్రతి చదివిన జయరామయ్య బస్సెక్కి పరుగున వచ్చాడు.

“చివర ఏదమ్మా? నీళ్ల దగ్గరికొచ్చి ఆగిపొయ్యింది!”

“అంతకంటే రావడం లేదు అయ్యగారూ.”

“ముగింపు లేని డిటెక్టివ్ నవల ఎవురు కొంటారు? నన్ను చీపుర్లతో కొడతారు గదా!”

ఆయన తిట్టుకుంటూనే తీసుకుపోయి, చివరి రెండు పేజీలు తెల్లగానే ఉంచి అచ్చువేశాడు.

ఆ శుక్రవారం బస్సు సరిగ్గా పదిన్నరకే వచ్చింది. పాళెం మొత్తం వంతెన దగ్గరుంది. చివరి పేజీ తిప్పినవాళ్లకి తెల్లకాగితం కనిపించింది. ఆ ఊరి చరిత్రలో మొదటిసారి ఒక నవలని మొదటి నుంచి చదవాల్సొచ్చింది. షాజాదీయే చదివింది. పోలేరమ్మ ఆమె ఎదురుగా, వంతెన గోడకి ఆనుకుని కూర్చుంది.

కథలో వేదాచలం పోలేరమ్మ గుమ్మం దగ్గర మొదలై, కాలవగట్టు పట్టుకుని, వంతెన దగ్గరికి, పులిసిన పిండితో పులిబొంగరాలు పోసే ముసలమ్మ పొయ్యి ముందుకి వచ్చాడు. జనం తలలు తిప్పి అటు చూశారు. అక్కడ పొయ్యి ముందు కూర్చున్నది చెంచమ్మ. నలభై ఏళ్లుగా అక్కడే పులిబొంగరాలు పోస్తోంది.

షాజాదీ చదివింది: “వేదాచలం అడిగాడు. ‘అమ్మా, గాలి లేచిన రోజు పొద్దున హజరత్తయ్య ఏం తిన్నాడు?’”

పోలేరమ్మ గబుక్కున తలెత్తింది.

చెంచమ్మ పుస్తకంలో మాటకి ఆగకుండా తనే జవాబు చెప్పేసింది. “పులిబొంగరాలే తిన్నాడయ్యా, కడుపు నిండా తిన్నాడు. పెనం కాగకముందే వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో కోపం మీద ఉంది, మాపటికి చల్లారతది లే అని నవ్వినాడు.”

షాజాదీ తర్వాతి వరస చూసింది. అచ్చులో ఉన్నది చెంచమ్మ అన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆమె దాన్ని పైకి చదివింది.

పోలేరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత చేతులు తీసి, అందరి ముందూ చెప్పింది. “నేను పెట్టలేదక్కా. ముందురోజు తగాదా పడి, సద్దిముంత దాచేసినా. ఆకలితో పొయ్యినాడు, ఆకలితో మునిగినాడు అనుకుంటా ఉన్నా. అప్పట్నించి పొద్దున పూట నా గొంతులో మెతుకు దిగలా. ఎవురికీ చెప్పలేదు.”

“నన్నొక్కరన్నా అడిగితే గదా మే!” అంది చెంచమ్మ ఏడుస్తూ. “అందరూ గాలి సంగతి, అల సంగతి అడిగినారు. తిన్నాడా అని ఎవురూ అడగలా.”

ఇంకా నాలుగు పేజీలున్నాయి. వేదాచలం పొయ్యి దగ్గర నుంచి లేచి, హజరత్తయ్య నడిచిన దారిలోనే తూర్పుకి తిరిగాడు. ఇసక దిబ్బలు దాటాడు. నీళ్ల అంచుకి వచ్చి నిలబడ్డాడు. అక్కడితో అక్షరాలు అయిపోయాయి. షాజాదీ పుస్తకం మూసింది. పదమని ఎవరూ అనలేదు గాని అందరూ లేచి సముద్రం వైపు నడిచారు.

ఒడ్డున, తడి ఇసకలో, అడుగులున్నాయి.

రెండు వరసలు పక్కపక్కనే నీళ్లలోకి పోయాయి. ఒకటి బూట్లది. పాళెంలో బూట్లున్నవాళ్లు లేరు. రెండోది ఉత్త పాదాలది, ఎడమ పాదం కాస్త బయటికి తిరిగి ఉంది. పోలేరమ్మ దాని పక్కనే కూర్చుని, “మా ఆయన అడుగే,” అంది. అల వచ్చి వాటిమీద నుంచి పోయింది. అడుగులు చెదరలేదు. ఇంకో అల వచ్చింది, అప్పుడూ చెదరలేదు.

నీళ్లలోంచి బయటికి ఒక్క వరసే వచ్చింది. అది బూట్లది.

మగవాళ్లు తలపాగాలు తీశారు. ఎవరూ ఏడవలేదు. గుడిలో నిలబడినట్టు నిలబడ్డారు. చదువురాని వాళ్లు కూడా ఆ ముగింపు చదువుకున్నారు. పోలేరమ్మ లేచి, ఆ ఉత్త పాదాల మీద ఒక్కొక్కదాని మీద తన పాదం పెట్టుకుంటూ, మోకాటి లోతు దాకా పోయింది. అక్కడ చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చింది. ఆమె వచ్చాక ఒక చిన్న అల ఒడ్డంతా సాపు చేసి పోయింది.

“పెద్దకర్మ చేయించు మామా,” అంది పాళెం పెద్దయిన కాపుతో. బొట్టు సంగతి అత్తా ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు. అది ఇక ఆమె ఇష్టం.

మర్నాడు తెల్లవారుజామున వేటకి పోయేవాళ్లతో పాటు పోలేరమ్మ చెంచమ్మ పొయ్యి ముందు కూర్చుంది. చెంచమ్మ ఆకులో వేడివేడిగా పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పోలేరమ్మ కొంచెంసేపు కళ్లు మూసుకుంది.

“కారం ఎక్కువయ్యిందా మే?” అడిగింది చెంచమ్మ.

“లేదత్తా,” అంది పోలేరమ్మ నములుతూ. “బాగుండాయి. ఇంకో రెండు పెట్టు.”