పిడుగువీర రెండో సగం

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపే మొగుడి యూనిఫామ్‌ని మూడు నీళ్లలో జాడించినా నాలుగో నీళ్లూ నల్లగానే వచ్చాయి. మధులత నడుం పట్టుకుని లేచేసరికి హాల్లోంచి ఆ పాట వినబడింది. ఇరవై ఏళ్ల పైమాటే అయినా మొదటి డప్పు దెబ్బకే గుర్తుపట్టింది. పిడుగువీర! చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో వచ్చే పిడుగువీర.

"దా, జల్దీ రా. యూట్యూబ్‌ల మొత్తం పెట్టిన్రు," అన్నాడు సంపత్, సోఫాలో కాళ్లు బార్లా చాపుకుని. ఆదివారం ఆయనకి సెలవు. ఆమెకి ఆదివారమంటే రోజూ ఉండే పనికి తోడు చికెన్ కడగడం.

చేతులు కొంగుకి తుడుచుకుని కూర్చుంది. ముసుగు కట్టుకున్న తెల్లబట్టల వీరుడు మంటల్లోకి దూకి, పదిమందిని చావబాది, మల్లెపువ్వులా బయటికొచ్చాడు. ఒకప్పుడు నోరు తెరుచుకుని చూసిన సీనే. ఇప్పుడు ఆమె కళ్లు ఆ తెల్లచొక్కా మీద ఆగిపోయాయి.

"ఈయన బట్టలు ఎవరుతుకుతరండీ?"

"గాయనకు శక్తులుంటయే," అని నవ్వాడు సంపత్.

ఈ ఇంట్లో ఆ శక్తులెవరివో ఆమె చేతుల పగుళ్లకి తెలుసు.

వీరుడు నోరు తెరవకముందే సంపత్ డైలాగు చెప్పేస్తున్నాడు. "ఇగ గోడ పగలగొడ్తడు సూడు," అన్నాడు, గోడ పగిలింది. ప్రతి ముక్కా కంఠతా. "మా అమ్మ పెరుగన్నం గిన్నె చేతిల పెట్టి, 'నువ్వు కదలకు బిడ్డా' అనేది. ఒక్క వారం గూడ మిస్ కాలే."

"మరి మీ చెల్లె సుజాత?"

"అదా? ఏమో. ఉండేనా... యాదికి లేదు."

మధులతకి మండింది. ఈర్ష్యే, దానికి ఇంకో పేరు పెట్టడం దేనికి? మధిరలో తన పుట్టింటి వాడకి ఆదివారం నల్లా సరిగ్గా సీరియల్ సగంలో వచ్చేది. "మధూ, నల్లా వచ్చింది," అని తల్లి నాంచారమ్మ కేక. అన్న భాస్కర్ టీవీ ముందు నుంచి తల కూడా తిప్పేవాడు కాదు. "మళ్ల వారం చూద్దువులే, వాడేడికి పోతడు," అనేది అమ్మ. మళ్ల వారమూ నల్లా వచ్చేది. బిందె నిండేలోపు రెండో సగం తనే అల్లుకుని సోమవారం బళ్లో చెప్పేది. ఆమె కథలో ముసుగు వెనక ఉన్నది ఒక అమ్మాయి. తనతో నల్లా దగ్గర వరసలో నిలబడే ఆడపిల్లలంతా నమ్మారు. మగపిల్లలు పడీపడీ నవ్వారు, ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్లకి తన ఆదివారాలన్నీ మొగుడి నోట్లోంచి పొల్లుపోకుండా వస్తుంటే కుళ్లుతో ఉడికిపోతోంది. కష్టపడే మనిషి మీద ఏడవకూడదని ఎన్నిసార్లు సర్దిచెప్పుకుందో. ఆయన జీతం చూసి ఏనాడూ ఏడవలేదు, ఆయన సెలవు చూసీ ఏడవలేదు. ఇవాళ ఆ పెరుగన్నం గిన్నె మీద ఏడ్చింది.

తెర మీద వీరుడి చెయ్యి ముసుగు దాకా పోయింది. మధులత ముందుకు వంగింది.

"మధూ, చాయ్ పెట్టరాదు," అన్నాడు సంపత్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "మళ్ల చూద్దువులే, యూట్యూబ్ ఏడికి పోతది."

మోకాళ్లు అలవాటుగా లేవబోయాయి. వాటి మీద రెండు చేతులూ గట్టిగా ఆనించి కూర్చోబెట్టింది.

"మీరు అన్నీ చూసిన్రు గదా. చాయ్ మీరు పెట్టుండ్రి."

పరాచికమేమో అనుకుని సంపత్ ఆమె మొహంలోకి చూశాడు. నవ్వు కనబడలేదు. గొణుక్కుంటూ లేచాడు. వంటింటి గుమ్మంలో ఆగి, "ఆపిపెట్టు మరి. ముసుగు తీసేది నేనొచ్చినంక చూద్దాం," అన్నాడు.

మధులత రిమోట్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మళ్ల వారం చూద్దురు లెండి," అంది. ఆపలేదు.