చిన్న ట్యాంకు

ఒకటి పెడితే ఎనిమిది, చెరకు నాటడం దగ్గర్నుంచి ఇథనాల్ దాకా ఖర్చయ్యే శక్తి ఒకటైతే తిరిగొచ్చేది ఎనిమిది, మిల్లు ల్యాబులో చేరినప్పటినుంచీ ఇదే చెబుతున్నాను, వచ్చినవాళ్లకి, పోయినవాళ్లకి, క్షవరం చేసే మంగలికి, మరి ఈ కారు తాళం ఇప్పటికి ఎనిమిదిసార్లు తిప్పాను, తిరిగొచ్చింది ఒట్టి దగ్గు, మాకు జూన్ అంటే నడి చలికాలం, ఆ చలికి అద్దం మీద మంచు పేరుకుంది, తొమ్మిదింటికి రిజిస్ట్రారు ఆఫీసులో నా పెళ్లి, యాభై ఆరేళ్లకి రెండో పెళ్లి, జుల్మీరా ఈపాటికి నీలం గౌను వేసుకుని మెట్ల మీద నిలబడే ఉంటుంది, ఎనిమిదీ నలభై, నడిస్తే గంట, చలిలో ఇథనాల్ అంటుకోదని, ముందు గుక్కెడు పెట్రోలు కావాలని, అందుకే ఇంజను పక్కన ఆ చిన్న ట్యాంకు పెట్టారని మా పిరసికాబా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు, నాకు తెలియదా, కానీ ఆమెతో అన్నాను, నా కారు పెట్రోలు చుక్క ముట్టదని.

అనకపోతే ఏం పోయేది, ఆమెది లాండ్రీ, చెరకు పేరెత్తితే మంట, ఒకప్పుడు కోతకి ముందు తోటలు తగలబెడితే ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి మసి రాలేది, మీ ఇథనాల్ లెక్కలో నా సబ్బు ఉందా అయ్యా అని మొదటిరోజే నిలదీసింది, ఇప్పుడు తగలబెట్టడం లేదండీ, యంత్రాలతో కోస్తున్నాం, పిప్పి కాల్చి మిల్లు నడుపుతున్నాం అన్నాను, మరి ఆ యంత్రాలూ లారీలూ ఏం తాగుతాయి, చెరకురసమా అంది, డీజిల్ అన్నాను నేలచూపులు చూస్తూ, ఇథనాల్ తీశాక పొలాల్లో పోస్తారే ఆ నీళ్లు, ఆ కంపో అంది, పరువు కాపాడుకోవాలిగా, అప్పుడే నోరు జారాను, ఆ తర్వాత రెండేళ్లూ చలికాలమంతా దొంగచాటుగా పెట్రోలు పోసుకున్నాను, నిన్న మాత్రం, పెళ్లికి వచ్చిన ఆమె అన్న బానెట్ ఎత్తి చూస్తాడేమోనని చిన్న ట్యాంకులో ఉన్నదంతా ఒంపేశాను, ఏం తెలివి, ఏం తెలివి.

గోడ మీంచి పక్కింటాయన, పేరు బెనెదితో, తొంగిచూసి, ఏం దొరివాల్, పెళ్లికూతురు మొరాయించిందా కారు మొరాయించిందా, కప్పుడు పెట్రోలు తేనా అన్నాడు, వద్దు బాబూ వద్దు అన్నాను, ఈయనకి తెలిస్తే మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది, తొమ్మిదోసారి, దగ్గు, ఫోను, జుల్మీరా, ఎక్కడ చచ్చావయ్యా, చిన్న ట్యాంకులో పెట్రోలు పోశావా లేదా, ఏ ట్యాంకు అన్నాను, నా గొంతు నాకే దొంగగొంతులా వినబడింది, ఆపు ఆ వేషాలు, మా నాన్న ముప్ఫై ఏళ్లు ఇథనాల్ కారే తోలాడు, పొద్దున్నే లేచి పెట్రోలు పోసేదాన్ని నేనే, నాకా చెప్తావు, ఆ పక్కింటాయన్ని అడిగి పోసుకుని పరిగెత్తుకురా, ఇక్కడ చలికి కాళ్లు కొయ్యబారిపోతున్నాయి.

ఓయ్ బెనెదితో, ఆ కప్పు తీసుకురా అని అరిచాను, తెస్తున్నాడు, పళ్లన్నీ బయటపెట్టి, పెట్టుకోనీ, అంటే ఆమెకి మొదటిరోజు నుంచీ తెలుసు, రెండేళ్లుగా నా గొప్పలన్నీ విని ఊరుకుంది, అబద్ధాలకోరునని తెలిసే నన్ను చేసుకుంటోంది.