మూడేళ్ల కాఫీ

ఎనిమిది నెలలుగా నెలసరి రావడం లేదని పిట్ట ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ముప్పై నాలుగేళ్ల మనిషికి ఆ పేరేమిటని ఎవరైనా నవ్వితే, అన్నయ్య పెట్టాడని చెప్పేది. చిన్నప్పుడు అతను పిచ్చుక అని పిలిచేవాడు. అయిదేళ్ల కింద ఆమె మనసు చెదిరి ఆసుపత్రిలో చేరాక, ఆ పిలుపులో పిచ్చి అన్న మాట వినబడుతోందని అతనే దాన్ని పిట్టగా మార్చేశాడు.

డాక్టరు రక్తపరీక్ష కాగితం ఆమె వైపు తిప్పింది. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఉండాల్సినదానికి నాలుగింతలుంది.

"ఇది బాలింతలకు పెరుగుతుంది. లేదంటే కొన్ని మానసిక మందులు వాడేవాళ్లకు. మీరేమైనా వాడుతున్నారా?"

"వాడేదాన్ని. మానేసి మూడేళ్లయింది."

ఆ మాట అనేటప్పుడు ఆమె వెన్ను నిటారుగా అయింది. కళ్లద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకు తలనొప్పే. అలాంటి పనిని మందుల్లేకుండా చేస్తున్నానన్నది ఆమెకున్న ఒకే ఒక్క గొప్ప.

తలలో గడ్డేమైనా ఉండి పెరిగిందేమోనని స్కానింగ్ తీశారు. అందులో ఏమీ లేదు. మళ్లీ రక్తం తీశారు. అంకె ఇంకాస్త పెరిగింది. డాక్టరు పెన్నుకు మూత పెడుతూ, "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని మామూలుగా అడిగింది.

"నేనే. పొద్దున కాఫీ మాత్రం అన్నయ్య కలుపుతాడు."

డాక్టరు ఆ మాట ఫైల్లో రాసుకుంది. మీ పాత మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవండని చీటీ రాసిచ్చింది.

బస్సులో కూర్చున్నాక ఆ ప్రశ్నకు అర్థం పిట్టకు తట్టింది. అయిదేళ్ల కింద ఆమె జబ్బు మొదలైంది సరిగ్గా ఇలాగే. అన్నయ్య అన్నంలో ఏదో కలుపుతున్నాడని పళ్లెం గోడకేసి కొట్టింది. అప్పుడు అందులో నిజం లేదు. మాత్రలు మొదలుపెట్టిన ఆరు వారాలకు ఆ సంగతి ఆమెకే తెలిసివచ్చి, అన్నయ్య చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు మళ్లీ అదే ఆలోచన వస్తోందంటే, జబ్బు తిరగబెట్టిందన్నమాట.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సాయంత్రం ఇంటికొచ్చి, సింకు దగ్గర చేతుల జిడ్డు కడుక్కుంటుంటే ఆమె కాగితాలు బల్ల మీద పరిచింది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. నా కాఫీలో ఏమైనా కలుపుతున్నావా?"

సబ్బు అతని చేతిలోంచి జారింది. దాన్ని తీసి మళ్లీ కడుక్కున్నాడు. వేలు వేలూ తుడుచుకున్నాడు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, చాలా మెత్తగా, "ఎన్ని రోజుల నుంచి ఇలా అనిపిస్తోంది?" అన్నాడు.

ఆసుపత్రిలో అందరూ అడిగిన ప్రశ్నే అది.

"ఇవాళే," అంది.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"భయపడకు. ఎల్లుండి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. నేనున్నానుగా."

ఆ రెండు రోజులూ పిట్ట తన కళ్లను తాను నమ్మలేదు. షాపులో ఒకే అద్దాన్ని నాలుగుసార్లు కొలిచి, నాలుగుసార్లూ అరగదీసింది. "అరగదీయమన్నాను గానీ మాయం చేయమనలేదమ్మా," అన్నాడు ఓనరు. ఆమె నవ్వలేకపోయింది. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సివస్తే ఎలాగని సెలవు చీటీ రాసి బ్యాగులో పెట్టుకుంది. రెండు పొద్దులూ అన్నయ్య ఇచ్చిన కాఫీ గుక్క మిగల్చకుండా తాగింది. వద్దంటే జబ్బు ఖాయమైపోతుందని భయం.

మానసిక వైద్యుడు పెద్దాయన. ఆయన ఎదుట కూర్చోగానే అన్నయ్యే మొదలుపెట్టాడు.

"మళ్లీ పాత అనుమానమే డాక్టరుగారూ. కాఫీలో నేనేదో కలుపుతున్నానట."

పిట్ట తల దించుకుని రక్తపరీక్ష కాగితాలు ముందుకు జరిపింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. స్కానింగ్ కవరు కూడా తెరిచి చూశాడు. ఆ తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు.

"అనుమానం వల్ల రక్తంలో ఈ అంకె ఇంత పెరగదు బాబూ. మందు లోపలికి వెళ్తే పెరుగుతుంది. మీ చెల్లెలు సరిగ్గానే ఆలోచిస్తోంది. అప్పట్లో మాత్రలతో పాటు నేను రాసిచ్చిన ఆ చుక్కల మందు ఎక్కడ కొంటున్నారు?"

అన్నయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు.

"పాత చీటీ మీద షాపువాళ్లు ఇచ్చేస్తారు," అన్నాడు.

"ఎప్పటి నుంచి?" పిట్ట అడిగింది.

"నువ్వు మానేసిన పదో రోజు నుంచి. నీలో నువ్వే మాట్లాడుకోవడం విన్నాను. నలుగురు నిన్ను పట్టుకుని వ్యానెక్కించడం ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు పిట్టా."

"అది భయంతో చేశావు, సరే. మొన్న నేనే అడిగాను కదా. అవునని ఒక్క మాట అంటే పోయేది. నాకు మళ్లీ పిచ్చెక్కిందని నన్నే అనుకోనిచ్చావు."

"ఏం చెప్పాలో తోచలేదు."

"ఇందాక ఈయనకేం చెప్పాలో తోచిందిగా."

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. పిట్ట అటు చూడలేదు.

"అయితే ఈ మూడేళ్లూ నేను బాగున్నది మందు వల్లేనా?" అని డాక్టరును అడిగింది.

"చాలావరకు," అన్నాడాయన. ఆ మాటను తేలిక చేయడానికి ప్రయత్నించలేదు. ఉన్నట్టుండి మానేయకూడదనీ, ఈ హార్మోను జోలికి అంతగా పోని మాత్ర ఇంకొకటుందనీ, మెల్లగా దానికి మారవచ్చనీ చెప్పాడు. పూర్తిగా మానాలనుకున్నా తన కళ్ల ముందే చేద్దామన్నాడు. నిర్ణయం ఆమెదేనన్నాడు. పిట్ట కొత్త మాత్రకే ఒప్పుకుంది. చీటీ అందుకోబోయిన అన్నయ్య చేతిని దాటించి తన బ్యాగులో పెట్టుకుంది.

వారం తిరక్కుండానే షాపుకు రెండు వీధుల అవతల మూడో అంతస్తులో గది తీసుకుంది. పరుపు, పెట్టెలు అన్నయ్యే మోసుకొచ్చాడు. వద్దంటే మాట్లాడాల్సి వస్తుందని ఆమె అడ్డు చెప్పలేదు. ఆ బిల్డింగులో లిఫ్టు పాడై ఉంది. ఎవరూ అడక్కుండానే అతను గంటసేపు కూర్చుని బాగుచేసి వెళ్లాడు. పిట్ట మాత్రం నెలరోజులు మెట్లే ఎక్కింది.

కొత్త మాత్రతో మొదట్లో తల తిరిగింది. రెండుసార్లు పని మధ్యలో కుర్చీలో కూలబడింది. తర్వాత సర్దుకుంది. నాలుగో నెలలో నెలసరి వచ్చింది. ఆ వారమే తీసిన రక్తంలో అంకె మామూలుకు దిగింది. ల్యాబు వరండాలో నిలబడి కాగితం చదువుకున్నాక ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఒక్కడే ఉన్నాడు.

ఫోను చేసింది. అవతల ఎక్కడో ఇనుప తలుపు మూసిన చప్పుడు.

"పిట్టా?"

"తగ్గింది. మామూలైంది."

అతను ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. ఇంటికెప్పుడొస్తావని అడగబోతున్నాడనీ తెలిసింది. అతను గొంతు సవరించుకునేలోగా ఆమె ఫోను పెట్టేసి షాపుకు నడిచింది.