సలోమి మోసిన క్రిమి

1948లో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగిన పోలీస్ యాక్షన్‌కు కొద్ది రోజుల ముందు సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో హజీరా మగబిడ్డను కన్నది. పురుడు పోసింది నర్సు సలోమి. తల్లీబిడ్డలు కులాసాగా ఉన్నారని, ఇంటికి తీసుకుపోవడానికి భర్త రహీం జట్కా తెచ్చాడు. సలోమి అడ్డుపడింది.

"బయట గింత గడబిడ ఉంటే బాలింతను ఏడికి తీస్కపోతవయ్యా? ఫౌజు వచ్చిపోనీ. అందాక ఈడ్నే ఉండనీ."

రహీం సరేనన్నాడు.

సైన్యం వచ్చింది. ఊరు మెల్లగా సద్దుమణిగింది. ఆసుపత్రిలో మాత్రం పసివాడి ఒంటి మీద చీముపొక్కులు లేచాయి, జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. డాక్టర్ డోరా పెన్సిలిన్ సూదులు వేసింది. ఎందరినో బతికించిన మందు ఈసారి పనిచేయలేదు. బిడ్డ సలోమి చేతుల్లోనే కన్నుమూశాడు.

వార్డులో ఇంకో పసిగుడ్డుకు కూడా పొక్కులు కనిపించేసరికి, డోరా అక్కడ పనిచేసే వాళ్లందరి ముక్కుల్లోంచి దూదిపుల్లతో నమూనాలు తీసి పరీక్ష చేసింది. తర్వాత సలోమిని గదిలోకి పిలిచింది.

"ఈ పొక్కులు లేపిన క్రిమి నీ ముక్కుల దొరికింది, సలోమీ."

"నాకు జలుబు సుత లేదు గదమ్మా!"

"నిన్నేం చెయ్యదు. నీ దగ్గర ఊకె బతుకుతది. మనం పెన్సిలిన్ ఇచ్చినప్పుడల్లా లొంగే క్రిములు చచ్చినయి, లొంగనివి మిగిలినయి. వాటి సంతానమే ఈ ఆసుపత్రి నిండా పెరిగింది. బయట ఇండ్లల్ల ఇంకా గిసుంటివి లేవు. నీ తప్పేం లేదు."

చివరి మాట సలోమి చెవికెక్కలేదు. బయట ఇండ్లల్ల లేవు అన్న మాటే గుండెలో దిగబడింది. ఆ బాలింతను ఇంటికి పోనివ్వనిది తనే.

మరునాడు సలోమి మోండా మార్కెట్ వెనుక సందులో ఉన్న హజీరా ఇంటికి వెళ్లింది. గడప దాటలేదు.

"నీ కొడుకుకు ఆ రోగం నా నుంచే అంటుకున్నదట, బేటీ."

హజీరా అడిగింది: "ఆనాడే ఇంటికి తెచ్చుకుంటే బతుకుతుండెనా?"

లేదని చెప్పడం తేలికే. సలోమి అలా చెప్పలేకపోయింది. "బతుకుతుండెనేమో," అంది.

హజీరా తిట్టలేదు. "మీరు పోన్రి, సిస్టరమ్మా," అని తలుపు వేసుకుంది.

కొన్నాళ్లు ముక్కులో మందు రాసుకున్నాక క్రిమి పోయిందని తేలింది. డోరా మళ్లీ పురుటి వార్డుకు రమ్మంది. సలోమి ఒప్పుకోలేదు, ఆసుపత్రి బట్టలు ఉడకబెట్టే పనికి మారింది. ఒకసారి ఒక బాలింత నవ్వుతూ, "జెర ఎత్తుకోన్రి, సిస్టరమ్మా," అని పాపను అందించబోయింది. సలోమి చేతులు ముందుకు లేచాయి. అంతలోనే వాటిని వెనక్కి లాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుంది.