తీగల కింద పల్లం

బావకు పనికొచ్చే పని ఒక్కటీ చేతకాదని లేతమ్మ ఏనాడో తేల్చేసుకుంది. తన పెళ్లి విందులో తనే డ్రమ్ములు వాయించి, చెమటలు కారుకుంటూ వచ్చి పెళ్లికూతురి పక్కన చతికిలబడ్డ మనిషి ఆయన. అక్క ఆ చెమట మొహాన్ని చూసి మురిసిపోయింది. చెల్లెలు మాత్రం తలకాయ కొట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం ఆమెకు రాలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో, నాన్న వదిలిపోయిన లేతు మీద చెక్కను తిప్పుతూ ఉలితో తరిమెన పట్టడం ఆమె వృత్తి. కుర్చీ కాళ్లు, మంచం కోళ్లు, మెట్ల పక్కన నిలబెట్టే కమ్మీలు తీస్తుంది. అందుకే వీధిలో అందరూ లేతమ్మ అంటారు. లేతదనం మాత్రం ఆమెలో మచ్చుకైనా లేదు. వడ్రంగులంటే చులకన, కొలత తప్పితే మేకు కొట్టి సరిపెడతారని. ఫ్యాక్టరీ కుర్చీలంటే ఇంకా చులకన. ఆ కుర్చీలు కొనుక్కుని మురిసిపోయే జనం గురించైతే అడక్కూడదు. అయితే ఆ జనమే ఇప్పుడు ఆమె నోటి దగ్గర కూడు లాగేశారు. ఏడాదిగా లేతు తిరిగిన రోజులకంటే తిరగని రోజులే ఎక్కువ. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి, ఏమీ అడక్కుండా, లేతును కళ్లతోనే తూచి వెళ్లాడు.

అలాంటి రోజుల్లో బావ ఒక కబురు మోసుకొచ్చాడు. ఆయన ఒక హోటల్ హాల్లో బ్యాండుతో డ్రమ్ములు వాయిస్తాడు కనుక వాద్యాల షాపాయనతో పరిచయం ఉంది. ఆ షాపాయనకు చెక్కతో చేసిన స్నేర్ డ్రమ్ములు కావాలట. పలచటి చెక్కను వంచి అంటించినవి కాదు, బద్దలు నిలబెట్టి జిగురుతో కలిపి లేతు మీద గుండ్రంగా తీసినవి. ఒకటి చేసి చూపిస్తే, అది చెవికి నచ్చితే, ఇక పని ఆగకుండా ఇస్తానన్నాడట. మా మరదలు కళ్లు మూసుకుని చేస్తుందని మాటిచ్చి మరీ వచ్చాడు బావ.

కళ్లు మూసుకుని చేస్తే వేళ్లు తెగుతాయని లేతమ్మ అంది. కానీ ఆ రాత్రే షెడ్డు మూల దాచిన ఎండిన చెక్కను బయటికి తీసి తట్టి చూసుకుంది. ఈ డ్రమ్ము షాపాయనకు నచ్చితే లేతు ఉంటుంది. లేకపోతే పాత ఇనుములో కలిసిపోతుంది. అంతకు మించి ఆలోచించడానికి ఏమీ లేదు.

స్నేర్ డ్రమ్ము చూడ్డానికి చిన్నదే. పైన ఒక తోలు, కింద ఒక తోలు, పేరుకు తోలేగానీ ప్లాస్టిక్కు. కింది తోలుకు ఆనుకుని సన్నటి ఉక్కు తీగల పట్టీ ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగుతుంది. పైన పుల్ల పడితే కింద తీగలు చిటపటమంటాయి. ఆ చిటపట లేకపోతే అది డ్రమ్ము కాదు, మూతపెట్టిన గిన్నె.

కొలతల కోసం బావ తన పాత రేకు డ్రమ్ము తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని విప్పి, కొలతలు తీసుకుని, పదహారు బద్దలు కోసింది. ప్రతి బద్దకూ రెండు పక్కలా ఏటవాలు పెట్టాలి. ఆ వాలు వెంట్రుకవాసి తప్పితే మొదటి అతుకు దగ్గర కనపడదు, రెండో అతుకు దగ్గరా కనపడదు, అన్ని తప్పులూ కూడి ఆఖరి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. ఆ నోట్లో రంపపు పొట్టూ జిగురూ కలిపి కూరేసి చేతులు దులుపుకునే ఘనులు ఆమెకు బాగా తెలుసు. ఆమె డ్రమ్ములో ఆఖరి అతుకు మూసుకున్నాక దీపం వెలుగు కూడా దూరలేదు. పట్టీలతో బిగించి, జిగురు ఆరేదాకా ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు.

లేతుకు ఎక్కించిన రోజు బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పలకలు పలకలుగా ఉన్న ఆ పీపా తిరుగుతుంటే ఉలికి మూలలు తగిలి టకటకలాడాయి. మూలలు అరిగేకొద్దీ ఆ మోత తగ్గి, చివరికి ఒక్క తీరుగా బుస్సుమనే చప్పుడు మిగిలింది. పొట్టు రిబ్బన్లలా లేచి ఆమె మోచేతుల మీద పడింది. లోపలి వైపు తియ్యడం ఇంకా కష్టం, పొడుగు పిడి ఉలిని చంకలో ఇరికించుకుని ఊపిరి బిగబట్టి తియ్యాలి. ఇంత జరుగుతున్నా బావ నోరు మూతపడలేదు. ఏ చెక్క ఎలా మోగుతుందో, తను ఏ హాల్లో వాయిస్తే జనం ఎలా లేచి నిలబడ్డారో చెప్పుకుంటూ పోయాడు. వాయించడానికి డ్రమ్ము లేనప్పుడు సొంత డబ్బా కొడుతూ కూర్చుంటాడని ఆమె మనసులోనే అనుకుంది. ఆయన మాటలు ఆమెకు మోటారు హోరులాంటివి, ఆగితే తప్ప వినపడవు.

ఆ మాటల మధ్యలో, కింది అంచు దగ్గర ఇంకా కాస్త పని ఉందనీ అది తను చూసుకుంటాననీ కూడా అన్నాడు. లేతమ్మ ఊఁ కొట్టింది. ఆయన ఏమన్నా ఆమె ఊఁ కొడుతుంది.

రెండు అంచులూ పదునుగా, నీళ్లు పోసి నిలిపినంత సమంగా తీశాక ఆమె వార్నిష్ కొనడానికి బజారుకెళ్లింది. తిరిగొచ్చేసరికి డ్రమ్ము బల్ల మీద బోర్లించి ఉంది. పక్కన ఆకురాయి, దాని కింద పసుప్పచ్చటి చెక్కపొడి. బావ లేడు, బ్యాండు వాళ్లతో సాధనకు వెళ్లిపోయాడు. కింది అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఒకచోట వేలు దిగింది. ఇంకాస్త తిప్పితే సరిగ్గా ఎదురుగా మరోచోట దిగింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. జరిగింది ఆమె కళ్లకు కట్టినట్టు కనపడింది. ఆ మహానుభావుడు చేతులు ఊరుకోక ఆకురాయి పట్టుకుని ఒక పక్క అరగదీశాడు. తర్వాత అది కనపడకుండా, ఒక పక్క మీసం ఎక్కువ కత్తిరించిన మంగలి రెండో పక్కా కత్తిరించినట్టు, ఎదుటి పక్కనా అరగదీశాడు. ఆయన రేకు డ్రమ్ముకూ కింది అంచు మీద ఇలాగే రెండు సొట్టలున్నాయని ఆమెకు గుర్తుంది. ముట్టుకున్న ప్రతి డ్రమ్మునూ ఒకే తీరుగా పాడుచెయ్యడం కూడా ఒక విద్యే అనుకుంది.

ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే గంటసేపు ఉపన్యాసం వినాలి. ఆమె దళసరి అద్దం పలక మీద ఉప్పు కాగితం అంటించి, డ్రమ్మును దాని మీద పెట్టి, ఆ రెండు పల్లాలూ మాయమయ్యేదాకా గుండ్రంగా రుద్దింది. మళ్లీ లేతుకు ఎక్కించి అంచు పదును తీసింది. వార్నిష్ వేసి, ఆరాక తనే తోళ్లు బిగించి, రేకు డ్రమ్మును చూసి తీగలు కట్టింది. బావకు చెప్పలేదు. దయతో కాదు, తగిన రోజు చూసి ఆయన మొహాన కొట్టడానికి దాచుకుంది.

మొత్తం బిగించి ఉండటం చూసి బావ, నాకు పని మిగల్చలేదే అని నవ్వాడు. వాయించి చూస్తానంటే ఆమె ముట్టుకోనివ్వలేదు. దుప్పట్లో చుట్టి, బస్సులో తన ఒళ్లోనే పెట్టుకుంది.

వాద్యాల షాపాయన బట్టతల మీదికి కళ్లజోడు తోసి, డ్రమ్మును చుట్టూ తిప్పి చూశాడు. అతుకు ఎక్కడుందో గోరుతో వెతికాడు, దొరకలేదు. తీగలు వదులు చేసి ఒక్క దెబ్బ వేశాడు. షాపులో వేలాడుతున్న గిటార్లు కూడా సన్నగా పలికాయి. ఆయన మొహం విప్పారింది. తర్వాత మీట నొక్కి తీగలు బిగించి మళ్లీ కొట్టాడు. డబ్బాలో ఈగ పడ్డట్టు జుయ్యిమంది. ఇంకా బిగించాడు. తోలు మూలిగింది, తీగలు అలాగే వణికాయి.

షాపాయన కళ్లజోడు కిందికి దించాడు. ఎవరూ అడక్కుండానే బావ డ్రమ్ము అందుకుని బోర్లించి, కింది కట్టు వదులు చేసి, తీగలు అంచు దాటే చోట చూపుడు వేలు లోపలికి పెట్టాడు. వేలు అక్కడే ఆగింది. డ్రమ్మును తిప్పి ఎదుటి పక్కనా పెట్టాడు. ఆ రెండు చోట్లూ ఏవో లేతమ్మకు అప్పుడు తెలిసింది. తీగల పట్టీ అంచు దాటేది సరిగ్గా అక్కడే. అంచు అక్కడ కాస్త దిగి ఉంటేనే తీగలు తోలుకు అతుక్కుని కూర్చుంటాయి. లేకపోతే అంచు మీద ఎక్కి గాల్లో వేలాడతాయి. బావ తీసిన ఆ దిగుడునే ఆమె అద్దం మీద రుద్ది చెరిపేసింది.

బావ తల ఎత్తి ఆమె వైపు ఒక్కసారి చూసి, షాపాయన వైపు తిరిగాడు.

"తప్పు నాదేనండీ. తీగల కింద పల్లం నేను తీస్తానన్నాను. మర్చిపోయాను."

షాపాయన ఆయన్ని తిట్టిన తిట్లు కొత్తవేం కావు. నోరున్నంత పని లేదని, లక్షణమైన పనిని బూడిదలో పోశావని, నీకు డ్రమ్ము అప్పగించడం కంటే ఎలక్కి అప్పగించడం నయమని. ఇన్నేళ్లుగా తను మనసులో అనుకున్నవన్నీ వేరే మనిషి నోట వింటుంటే లేతమ్మ చెవులు కాలాయి. తర్వాత ఆయన ఆమె వైపు తిరిగి గొంతు మార్చాడు.

"నీ చేతి పని బంగారమమ్మా. పల్లం మా మనిషి తీస్తాడు. నువ్వు ఒట్టి పీపాలు తీసి పంపు, ఎన్నైనా తీసుకుంటాను. ఈయన్ని మాత్రం వాటి దరిదాపులకు రానివ్వకు."

చెప్పాల్సిన సమయం అదే. ఆమెకు తెలుసు. నాలుక మీదికి వచ్చిన మాటను మింగేసి, సరేనండీ అంది.

తిరుగు బస్సులో లేతమ్మ, ఆ పల్లాలు తనే రుద్ది చదును చేసిందని బావకు తెలిసిపోయింది కదా అని అడిగింది. వేలు పెట్టగానే తెలిసిందన్నాడు. మరి అలా ఎందుకు చెప్పావని అడిగింది.

"ఆయన దగ్గర నాకు పోయే పరువేముంది మరదలా? నీకుంది."

అని, వెంటనే తను పోయిన వారం వాయించిన పాట గురించి మొదలుపెట్టాడు. లేతమ్మకు ఏడుపు రాలేదు, కృతజ్ఞతా కలగలేదు. ఒళ్లు మండింది. పోయి పోయి ఈ మనిషి దయ తన నెత్తిన పడిందే అని మండింది. ఇక ఈయన్ని తీసిపారేసే వీలు లేకుండా పోయిందే అని ఇంకా మండింది.

ఇంట్లో అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. పని దొరికిందని బావ ముందే అరిచి చెప్పాడు. తన మతిమరుపు వల్ల చేజారబోయిందని కూడా, ఎవరో అడిగినట్టు, నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు. ఒక్క పనైనా సరిగ్గా చెయ్యడం ఎప్పటికొస్తుందని, అది రెక్కలు ముక్కలు చేసుకుని తయారు చేస్తే నువ్వు ముంచబోయావా అని, చెప్పులు విప్పేలోపే దులిపేసింది. బావ నేరస్తుడిలా తల వంచుకుని నిలబడ్డాడు. అక్క చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"రోజంతా ఈయనతో ఎలా వేగావే తల్లీ?"

బావ తల ఎత్తలేదు. నిజం చెప్పడానికి లేతమ్మకు కావలసినంత సమయం దొరికింది.

"అలవాటైపోయిందిలే అక్కా," అంది.

అందరికంటే ముందు బావే నవ్వాడు.