నర్సంపేట మన్ను

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఆరుగురున్నారు. మరిపెడలో ఫైనల్ మ్యాచ్‌కి పోయేవాళ్ళ కోసం పులిహోరకు చింతపండు పిసుకుతున్న కృపమ్మ. తుఫాన్ బండి డ్రైవరుకు పదోసారి ఫోన్ చేస్తున్న ఆమె భర్త సుందర్ రావు. ఊరి ఫుట్‌బాల్ టీము స్టార్ యూత్‌కి గోల్‌కీపరైన కొడుకు బెన్నీ. మంచంలో నానమ్మ పూలమ్మ. హన్మకొండ నుంచి సెలవులకు వచ్చిన పెదనాన్న కూతురు కీర్తన. ఇక తలుపు మూలన నోటుబుక్కు పట్టుకుని బెన్నీ చెల్లెలు రాణి. ఇంటికొచ్చినవాళ్ళు లెక్కలో మరిచిపోయేది ఎప్పుడూ ఈ పిల్లనే.

ఆ నోటుబుక్కు రాణి డైరీ. రెండేళ్ళుగా స్టార్ యూత్ బయటి ఊళ్ళలో ఆడిన పదమూడు మ్యాచ్‌లూ అందులో ఉన్నాయి. ఏ ఊరు, ఎన్ని గోల్స్, బెన్నీ ఎన్ని ఆపాడు, వాన పడిందా లేదా. ఒక్కటీ ఆమె కళ్ళతో చూసింది కాదు. అన్న అన్నం తింటూ చెబితే విని రాసుకున్నవే. నేనూ వస్తానని అడగాలని ఎన్నిసార్లనుకుందో! "బండిల ఆడివిల్లలెందుకు" అని తండ్రి ఎవరితోనో అనగా విన్నది. ఇక అడగనే లేదు.

కీర్తన మాత్రం వచ్చిన రెండో రోజే అడిగేసింది. "చిన్నాయనా, నన్ను గూడ నర్సంపేటకు తీస్కపో" అని సుందర్ రావు చెయ్యి పట్టుకుంది. పోయింది. జెండా ఊపింది. బయటి ఊళ్ళో స్టార్ యూత్ గెలవడం అదే మొదలు. అప్పట్నుంచి కీర్తన చెయ్యి మంచిదని టీమంతా ఒకటే మాట.

ఆ జెండా నానమ్మ పాత తెల్లచీరలోంచి వచ్చింది. దాని అంచులు కుట్టిందీ, నీలిరంగు నక్షత్రం దిద్దిందీ రాణి. ఫొటోల్లో దాన్ని పట్టుకున్నది కీర్తన.

స్టార్ యూత్‌లో ఒక పట్టింపుంది. గెలిచిన బట్టకు మళ్ళీ ఓడేదాకా నీళ్ళు తగలనివ్వరు. అందుకే నర్సంపేట గ్రౌండు ఎర్రమన్ను జెండా మీద అలాగే అట్టకట్టి ఉంది.

అందరూ చర్చికి పోయారు. నానమ్మ దగ్గర రాణి ఉండిపోయింది. అన్నం వార్చి వచ్చేసరికి గోడకానించిన జెండా కనబడింది. కర్రకు కీర్తన తన గులాబీ రిబ్బను కట్టుకుంది, చక్కగా పువ్వులాగా. రాణి దగ్గరికి పోయింది. రిబ్బను విప్పి కింద పడేసింది. జెండాను బండ మీదికి తీసుకుపోయి సబ్బు పెట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా ఉతికింది. చెయ్యి అంత మంచిదైతే మన్నుతో పనేముంది? మోరీలోకి ఎర్రనీళ్ళు పోతుంటే నిలబడి చూసింది.

చర్చి నుంచి అందరికంటే ముందు కీర్తన పరుగెత్తుకొచ్చింది.

"రాణీ! మ్యాచ్‌కు వచ్చే కొమురెల్లికి జరమట, బండిల జాగ దొరికింది. చిన్నాయనను నేనే ఒప్పిచ్చిన. జెండ కుట్టింది నువ్వు గద, ఒక కొస నువ్వు వట్టుకో, ఒక కొస నేను వట్టుకుంట. జల్ది తయారుగా!"

రాణి దండెం వైపు చూసింది. వెనకాలే బెన్నీ వచ్చాడు. దండెం మీద నీళ్ళు కారుతున్న జెండాను చూసి ఆగిపోయాడు.

"ఎవలు కడిగిన్రు దీన్ని?"

"మంచిగ మల్లెపువ్వు లెక్కయింది గదరా!" అంది మంచంలోంచి పూలమ్మ.

"నువ్వాగే నానమ్మా! ఎవలు కడిగిన్రంటే చెప్పరేంది?"

కీర్తన రాణి తడి చేతుల వైపు చూసింది. కింద పడున్న రిబ్బను వైపు చూసింది. ఆమెకు అంతా అర్థమైనట్టుంది.

"నేనే కడిగిన అన్నా," అంది. "మీ పట్టింపు యాదికి లేకపాయె. తిట్టకు."

బెన్నీ ముఖం అప్పుడే సగం మెత్తబడింది. "నువ్వా? పట్నం పిల్లవు, నీకేం ఎరుక..."

అది చూశాక రాణి ఆగలేకపోయింది. జెండా కీర్తనదైంది, గెలుపు కీర్తనదైంది. ఆఖరికి ఈ తప్పు కూడా కీర్తనదేనా? కీర్తన చేస్తే మాఫీ కూడానా?

"అబద్ధం! అక్క గాదు, నేనే కడిగిన. కావాల్నని కడిగిన!"

ఆ ఇంట్లో రాణి అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. అప్పుడే చర్చి నుంచి వచ్చి వంటింట్లోకి పోయిన కృపమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. సుందర్ రావు ఏదో అనబోయి, వాకిట్లో హారన్ మోగడంతో మానుకున్నాడు.

బండి నిండింది. తడి జెండాను కిటికీకి కట్టారు. కీర్తన పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది, దాని మీద ఆమె చెయ్యి వేసి ఉంచింది. పులిహోర గిన్నె ఎత్తుకుని రాణి బండి దాకా వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా.

బెన్నీ ఆమె చేతుల్లోంచి గిన్నె అందుకున్నాడు. దాన్ని ఖాళీ సీట్లో కీర్తన పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"కాలు దియ్యి," అన్నాడు. రాణి తీసింది. అతను తలుపు వేశాడు.